సిపాయి బొమ్మ నోరు తెరిచిన రోజు

చింతగింజకు దండం పెట్టే మనిషిని మీరెక్కడైనా చూశారా? నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీల ఇళ్ళవైపు వెళ్తే చూడొచ్చు. ఎవరైనా పులుసు పిసికి గింజలు పారేయబోతే చాలు, హన్మాండ్లు చేస్తున్న పని వదిలి లేచి వస్తాడు. "ఆగుండ్రి, పారబొయ్యకుండ్రి! నన్ను ఇల్లు జేర్చిన గింజలవి" అంటాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు ఈ పెద్దమనిషికి మతి చలించిందేమో అనుకుంటారు. చలించలేదమ్మా, ఆయన చెప్పేది అక్షరాలా నిజం. అది తెలియాలంటే మీరు నాతో రియాద్ దాకా రావాలి, అదీ పంతొమ్మిది వందల తొంభై డిసెంబరు నాటి రియాద్‌కు.

హన్మాండ్లు పుట్టుక నకాషీ పుట్టుక. పొణికి అనే మెత్తని, తేలిక కర్రతో చిలకలు, సీతాఫలాలు, జింకలు చేసి రంగులద్దే ఇల్లు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, ఉడికించి, అందులో రంపంపొట్టు కలిపితే వచ్చే ముద్దే వాళ్ళకు అతుకు. తండ్రి నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: "బొమ్మల సందు కనవడొద్దు బిడ్డా. సందు కనవడ్డదంటే చేసినోని సిగ్గు కనవడ్డట్టే." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బొమ్మలు అందంగానే ఉండేవి గానీ పొయ్యి మీద కుండను నిలబెట్టలేకపోయాయి. ఎనభై ఏడులో హన్మాండ్లు వడ్రంగి వీసా మీద రియాద్ విమానం ఎక్కాడు. అప్పటికి భార్య ముత్యవ్వకు నాలుగో నెల. పాప పుట్టింది, సరళ అని పేరు పెట్టారు, పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. అవన్నీ హన్మాండ్లుకు క్యాసెట్లలో తెలిశాయి. ముత్యవ్వకు చదువు రాదు కాబట్టి వాళ్ళ ఉత్తరాలన్నీ క్యాసెట్లే. ఊరికి వెళ్ళేవాడి చేతికి ఈయన ఒకటిస్తే, వచ్చేవాడి చేతికి ఆమె ఒకటిచ్చేది. ఈయన పాపకు కాకి కథలూ నక్క కథలూ చెప్పి పంపేవాడు.

ఆ ఏడాది దసరా తర్వాత వచ్చిన క్యాసెట్‌లో ముత్యవ్వ పగలబడి నవ్వుతూ చెప్పింది. "ఇంటున్నవా? నీ బిడ్డ టేపురికాడును ఖరాబు జేసింది. బాపు డబ్బాల ఉన్నడు, ఆకలైతది అని క్యాసెట్ పెట్టే సందులకెల్లి పల్లిగింజలు కుక్కింది! బాగు జేపిచ్చినంక మాట్లాడుతున్న!" గదిలో ఉన్న ఎనిమిది మందీ నవ్వారు. హన్మాండ్లూ నవ్వాడు. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి, నల్లా పెద్దగా తిప్పి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెండేళ్ళకు రావలసిన సెలవు రేపు మాపు అంటూ మూడేళ్ళు దాటింది. ఇంతలో ఆగస్టులో ఇరాక్-కువైట్ గొడవ మొదలైంది. జనవరి సగానికల్లా యుద్ధం తప్పదని రేడియోలన్నీ ఒకటే మోత. హన్మాండ్లు పనిచేసేది అల్ ఖర్జ్ దారిలో ఉన్న ఒక కాంపౌండ్‌లో. ఎత్తైన గోడ లోపల ముప్పై ఆరు విల్లాలు, అన్నిట్లోనూ యూరప్ వాళ్ళు, అమెరికా వాళ్ళు. విషవాయువు బాంబులు పడతాయేమోనన్న భయంతో ప్రతి విల్లాలో ఒక గదిని గాలి చొరకుండా మూసేయమన్నారు. ఆ పని వడ్రంగుల మీద పడింది, సెలవులన్నీ రద్దయ్యాయి.

"ముప్పై ఆరు గదులు ఖతమ్ చెయ్యి, డీటర్ సారు నీ సెలవు లెటర్ మీద సైన్ చేయాలె. అప్పుడే నేను ఎగ్జిట్-రీఎంట్రీకి పంపుతా. సైన్ లేకుంటే కఫీల్ నీ పాస్‌పోర్ట్ ముట్టడు మియా" అని సూపర్‌వైజర్ జావీద్ తేల్చి చెప్పాడు. ఈయన హైదరాబాద్ వాడు, కఠినుడు కాదు, కానీ కాగితం మనిషి. డీటర్ ఆ కాంపౌండ్‌ను చూసుకునే జర్మన్ ఇంజనీరు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంటుంది, ఊరెళ్ళి తిరిగొచ్చే అనుమతి ఆయన ద్వారానే రావాలి. అంటే సంగతేమిటి? సంతకం పడితే యుద్ధానికి ముందే బిడ్డను చూస్తాడు. పడకపోతే విమానాలు ఆగిపోతాయి, తానిక్కడ, బిడ్డ అక్కడ, మధ్యలో బాంబులు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చం అదే బతుకు.

హన్మాండ్లు నోట్లో నాలుక లేని మనిషి. గట్టిగా అడగడం చేతకాదు కాబట్టి గట్టిగా పనిచేశాడు. కిటికీలకు ప్లాస్టిక్ కొట్టాడు, తలుపుల కింద రబ్బరు బిగించాడు, ఏసీ చుట్టూ టేపు వేశాడు. కలలో కూడా సందులు మూస్తూనే ఉన్నాడట. డిసెంబరు పదిహేనుకు ముప్పై ఆరూ పూర్తయ్యాయి. లెటర్ డీటర్ సొరుగులోకి చేరి అక్కడే పడి ఉంది. ఆయన ఎప్పుడు చూసినా ఫోన్‌లో ఉండేవాడు.

అలాంటప్పుడు డీటర్ భార్య ఉర్సులా మేడం నుంచి పిలుపొచ్చింది. పిలుచుకెళ్ళింది కాలేషా. కడప వాడు, ఆ ఇంటి డ్రైవరు, హన్మాండ్లు గదిలోనే పక్క మంచం. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు కాబట్టి మేడానికీ మనవాడికీ నడుమ నోరు అతనిదే.

యుద్ధ భయంతో ఆవిడ పిల్లలిద్దరినీ సెప్టెంబరులోనే జర్మనీ పంపేసింది. సామాన్లలో క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే బొమ్మల పెట్టె కూడా వెళ్ళిపోయింది. మిగిలింది అయిదడుగుల ప్లాస్టిక్ చెట్టు, కాలు విరిగి అలమరలో పడున్న ఒక కర్ర బొమ్మ. మూరెడు ఎత్తు సిపాయి. ఎర్ర కోటు, నల్ల టోపీ, తెల్ల గడ్డం, పెద్ద పెద్ద పళ్ళు.

"దీని కాలు అతికించాలంట. ఇట్లాటివే చిన్నచిన్నవి పన్నెండు చేసి చెట్టుకు కట్టాలంట. ఇరవై నాలుగో తేదీ సాయంత్రానికి" అని కాలేషా చెప్పాడు. బయటికొచ్చాక గొంతు తగ్గించి, "వాళ్ళ పండగ వాళ్ళు గోడల లోపల చేసుకుంటాండారు, మనకేం తప్పులేదు గానీ, ఈ దేశంలో వేరే మతం పండగలు ఒప్పుకోరు, యాడా చెప్పబాకన్నా" అన్నాడు.

చెప్పడానికి హన్మాండ్లు ఈ లోకంలో ఉంటే కదా! మూడేళ్ళ తర్వాత చేతిలోకి బొమ్మ వచ్చింది. ఏసీలు వచ్చిన పెట్టెల కర్ర మెత్తగా ఉంది, పొణికికి చెల్లెలు అనుకోవచ్చు. డ్యూటీ దిగాక వర్క్‌షాపులో కూర్చుని ఉలి పడితే, మరిచిపోయాననుకున్న పనంతా వేళ్ళకు గుర్తొచ్చింది. వారంలో పన్నెండు మంది సిపాయిలు తయారు. వాళ్ళను చూసి కాలేషా కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏందన్నా ఇది! జర్మనీ సిపాయిల్ని చెయ్యమంటే మీ ఊరి పోలీసు పటేల్ను దించినావే!"

నిజమే మరి. చారడేసి కళ్ళు, మెలితిరిగిన మీసాలు, బుగ్గన ఎరుపు. నిర్మల్ చేయి నిర్మల్ మొహాన్నే గీస్తుంది.

తర్వాత పెద్ద సిపాయిని ముందుకు తీసుకున్నాడు. అతుకు కోసం పాలపొడి డబ్బా ఒకటి బయటికి తీశాడు. మూడేళ్ళుగా గదిలో వండిన పులుసుల తాలూకు చింతగింజలు అందులో దాచాడు. "బంగారం దాసినట్టు దాస్తాండాడు చూడండప్పా" అని అందరూ ఆటపట్టించేవారు. ఆ రోజు కూడా కాలేషా, "అంత తిప్పలెందుకు? బండికి పూసే పుట్టీ ఉండాది, పూసినావంటే రాయే" అన్నాడు.

"బొమ్మకు చింతగింజ ముద్ద తప్ప ఇంకోటి వెడితే మా బాపు కలలకచ్చి తంతడు" అన్నాడు హన్మాండ్లు.

కాలు చక్కగా అతుక్కుంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ నకాషీ కన్ను ఊరుకుంటుందా? బొమ్మ నోటికీ గడ్డానికీ మధ్య వేలు దూరేంత సందు. కింది దవడ ఊగుతోంది. వీపు మీద కోటు తోకలా ఉన్న చెక్క వదులైపోయింది. పళ్ళ నిండా గుంటలు, గాట్లు. అయ్యో పాపం, ఎవరూ పట్టించుకోలేదు కాబోలు అని మనవాడికి జాలేసింది. దవడ పైకి నొక్కి సందంతా ముద్దతో పూడ్చాడు. వీపు చెక్కను బిగించాడు. పళ్ళ గుంటలు ఒక్కటీ వదలకుండా మెత్తి, నున్నగా తోమి, తెల్లసుద్ద పూశాడు. పైన వార్నీషు కొట్టాలనుకున్నాడు గానీ డబ్బా ఖాళీ. ఛ, కొంచెం తక్కువైందే అని నొచ్చుకున్నాడు కూడా. ఇంత మంచి పని చూశాక సంతకం ఎక్కడికి పోతుంది అని ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం తర్వాత ఇద్దరూ విల్లాకు వెళ్ళారు. తెరలన్నీ దించి ఉన్నాయి. ఉర్సులా మేడం స్టూలు పట్టుకుంటే హన్మాండ్లు ఎక్కి, ఒక్కొక్క సిపాయినీ సన్న తీగతో కొమ్మకు కట్టాడు. ఆవిడ "ఇటు, కాదు అటు" అని చేతులతో చూపిస్తూ, పన్నెండోది కట్టేసరికి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మీసాల పటేళ్ళు చెట్టంతా కాపలా కాస్తున్నారు. డీటర్ కూడా వచ్చి చూసి పకపకా నవ్వాడు. జేబులోంచి పెన్ను తీశాడు, సొరుగు లాగాడు, లెటర్ బల్ల మీద పరిచాడు.

"ఒక్క నిమిషం" అంది మేడం. "ముందు కాయ."

టేపురికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టి మీట నొక్కింది. పెద్ద సిపాయిని చెట్టు కింద నిలబెట్టి, చేతిలోకి ఒక అక్రోటు కాయ తీసుకుంది. బొమ్మ వీపు మీది చెక్కను పైకెత్తబోయింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. నోటి మీద వేలు పెట్టి తడిమింది. పళ్ళు తడిమింది. అంతే, ఆవిడ మొహంలో రక్తం లేదు.

ఆవిడ చెప్పిందంతా కాలేషా తడబడుతూ తెలుగులో చెప్పాడు. అది కాయలు కొట్టే బొమ్మ. వెనక చెక్క ఎత్తితే నోరు తెరుస్తుంది, దించితే కొరుకుతుంది. వాళ్ళ నాన్న చెక్కింది. ఆవిడ ఏడేళ్ళ పిల్లప్పుడు, వాళ్ళ ఊళ్ళో వేరే యుద్ధం అయిపోయిన చలికాలంలో, తిండి లేని రోజుల్లో చెక్కాడు. అప్పట్నుంచి ప్రతి క్రిస్మస్‌కూ ఇంట్లో మొదటి కాయ అదే కొట్టాలి. ఆ చప్పుడు ఈసారి పిల్లలకు క్యాసెట్‌లో పంపాలనుకుంది.

"ఆ పండ్ల మింద గాట్లన్నీ ఆ కాయలవేనంట అన్నా. వాళ్ళ నాయన చనిపోయినాడంట. ఆ గాట్లే మిగిల్నాయంట" అని కాలేషా తల దించుకున్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. డీటర్ పెన్ను మూసి, లెటర్ అలాగే వదిలేసి, ఏడుస్తున్న భార్య దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద టేపు తిరుగుతూనే ఉంది. దాన్ని చూస్తే హన్మాండ్లుకు నిర్మల్‌లో పల్లిగింజలు కుక్కిన టేపురికార్డరు గుర్తొచ్చింది. ఈవిడ బిడ్డలకు పంపవలసిన చప్పుడును తన చేత్తో తానే పూడ్చేశాడు.

"ఇంగ పోదాం పాన్నా" అని కాలేషా భుజం మీద చెయ్యి వేశాడు.

నోట్లో నాలుక లేని మనిషికి అప్పుడు మాటొచ్చింది. "పోను. మేడానికి చెప్పు. నాదే తప్పు. నా చేతితోని మూసిన నోరు నా చేతితోనే తెరుస్త. ఇన్ని వేడినీళ్ళు, గింత పాత బట్ట ఇయ్యమను. ఒక్క గంట."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి, తనే నీళ్ళు కాచింది.

చింతగింజ ముద్ద సంగతి మీకు తెలుసో లేదో. ఆరితే రాయి, వేడి తడి తగిలితే మళ్ళీ అంబలి. కాలేషా పుట్టీ పూసుంటే ఆ నోరు ఈ జన్మకు తెరుచుకునేది కాదు. వార్నీషు డబ్బా ఖాళీ కాకపోయుంటే నీళ్ళు లోపలికి దిగేవి కాదు. హన్మాండ్లు మనసులోనే చింతగింజకూ ఖాళీ డబ్బాకూ మొక్కుకుంటూ, వంటింటి బల్ల దగ్గర కూర్చుని తడిబట్ట అద్దడం మొదలుపెట్టాడు. ఎక్కువ తడిస్తే పాత రంగు లేస్తుంది, కర్ర ఉబ్బుతుంది. తక్కువైతే ముద్ద కదలదు. అద్దడం, ఆగడం, పళ్ళు కుట్టుకునే పుల్లతో గోకడం.

మొదటి గాటు బయటపడింది. మేడం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. రెండోది, మూడోది. నాలుగో గాటు చూడగానే దాన్ని వేలితో తాకి ఏదో అని నవ్వింది.

"అది కాయ గాదంట. ఆయమ్మ తమ్ముడు గోలీ పెట్టినాడంట, నాయన చేత తన్నులు తిన్నాడంట" అన్నాడు కాలేషా, తనూ నవ్వుతూ.

ఆ నవ్వు విన్నాక హన్మాండ్లు చెయ్యి చురుగ్గా సాగింది. పళ్ళన్నీ పాతవైపోయాయి. దవడ చుట్టూ సందు తిరిగొచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక బొమ్మలో సందు చూసి సంతోషపడ్డాడు. వీపు చెక్కకు సన్న మేకు అరగదీసి ఇరుసుగా దిగ్గొట్టాడు. మసీదు నుంచి రాత్రి ఇషా నమాజుకు అజాన్ వినిపించే వేళకు బొమ్మను తెచ్చి చెట్టు కింద నిలబెట్టాడు.

మేడం మళ్ళీ టేపు నొక్కింది. కాయ పెట్టింది. హన్మాండ్లు కళ్ళు మూసుకున్నాడు.

టప్!

"హారి నీ! ఇది మన అడకత్తెరనే కదరా కాలేషా, మీసాలు వెట్టిండ్రు!" అని హన్మాండ్లు అరిచిన అరుపు కూడా ఆ క్యాసెట్‌లో పడి జర్మనీ వెళ్ళింది. కాయలోని పప్పును మేడం నాలుగు ముక్కలు చేసి నలుగురికీ పెట్టింది. తింటూ అడిగింది, నీకు పిల్లలున్నారా అని. ఒక బిడ్డ, వచ్చే నెలకు మూడేళ్ళు నిండుతాయి అన్నాడు. ఎలా ఉంటుంది అంది. "సూడలే మేడం" అన్నాడు.

ఆవిడ భర్తవైపు చూసింది, అంతే. డీటర్ పెన్ను తీసి సంతకం చేశాడు. బొమ్మకూ దీనికీ సంబంధం లేదు, ముప్పై ఆరు గదులు మూసిన రోజే చేయాల్సింది, పనుల్లో మరిచిపోయాను, క్షమించు అన్నాడట. హన్మాండ్లు మాత్రం నేటికీ ఆ మాట నమ్మడు. సంతకం పెట్టించింది చింతగింజలే అంటాడు. నమ్మనీయండి, మనకేం పోయింది?

విమానం జనవరి అయిదున. ఈలోగా పదమూడో సిపాయిని చేశాడు, ఈసారి నోరు తెరిచేది. కాలేషా ఎయిర్‌పోర్టు దాకా దిగబెట్టి, "మా ఇంటామె మాబున్నీకి పంపే క్యాసెట్ బొంబాయిలో పోస్టు చెయ్యన్నా, నాకేం కాదు అని చెప్పినాలే దాంట్లో" అన్నాడు. నిజంగానే ఏమీ కాలేదు. మిసైళ్ళ మోత మధ్య నలభై రోజులు కాలేషా, హన్మాండ్లు మూసిన గదిలోనే మేడంతోనూ సారుతోనూ కూర్చుని బయటపడ్డాడు. యుద్ధం తర్వాత హన్మాండ్లు తిరిగి వెళ్ళాడు, ఇంకో ఆరేళ్ళు చేశాడు, ప్రతి డిసెంబరూ ఆ చెట్టుకు బొమ్మలు కట్టాడు. ఇంటికొచ్చి ఉలి పట్టి, నోరు తెరిచే సిపాయిలతోనే ఇల్లు నిలబెట్టాడు. అవన్నీ తర్వాతి మాటలు. నేను చెప్పవలసింది ఆ జనవరిలో ఆయన గడప తొక్కిన రోజు.

బొంబాయి బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. సరళ గుమ్మంలో పల్లికాయలు ఒలుచుకుంటోంది. కొత్త మనిషిని చూసి చప్పున లేచి తల్లి కొంగు వెనక దాక్కుంది. ముత్యవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "మీ బాపే బిడ్డా, పో" అంది.

"కాదు! మా బాపు డబ్బాల ఉంటడు" అంది పిల్ల, మొహం చూపించకుండా.

హన్మాండ్లు పెట్టె తెరిచి, పదమూడో సిపాయిని తీసుకుని తలుపు చాటుకు వెళ్ళాడు. బొమ్మను మాత్రం బయటికి చాపాడు. వీపు చెక్క ఎత్తుతూ దించుతూ మొదలుపెట్టాడు. "అనగనగా ఒక కాకి. దానికి మస్తు ఆకలైతున్నది."

కొంగు వెనక కదలిక ఆగింది. ఆ గొంతు ఆ పిల్లకు తెలుసు. రోజూ అన్నం తినేటప్పుడు వినే గొంతు. మెల్లగా బయటికొచ్చి, నోరు తెరిచిన సిపాయి దగ్గర నిలబడి, అందులో ఒక పల్లికాయ పెట్టింది. టప్ మని పగిలింది. పిల్ల తలుపు వెనక్కి తొంగి చూసింది. ఆ మాటలు వస్తున్న నోరు చూసింది, మీసాలు చూసింది, తడి కళ్ళు చూసింది.

"అవ్వా! బాపు డబ్బాలకెల్లి బయటికొచ్చిండే!" అని వాడంతా వినిపించేట్టు తల్లికి కేకేసింది. తర్వాత పగిలిన కాయలోంచి గింజ ఏరి, బొమ్మకు కాదు, హన్మాండ్లు నోట్లో పెట్టింది.